ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలి, ఎవరిని ఏం అడగాలి

ఇంట్లో ఒకరు అనుమానాస్పదంగా చనిపోయినా, ఒకరి మీద కేసు పడినా, నెలల తరబడి వినిపించే మాట ఒకటే: "ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు రానీ, అంతా తేలిపోతది." ఎఫ్ఎస్ఎల్ అంటే ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్, కేసులోని ఆధారాలను పరీక్షించే చోటు. హన్మకొండ కోర్టు ఆవరణలో ఈ మాట వినపడని రోజు ఉండదు. తీరా రిపోర్టు వచ్చాక చాలామంది చివరి పేజీలోని రెండు వాక్యాలు చదివించుకుని, గెలిచామనో ఓడామనో నిర్ణయానికి వచ్చేస్తారు. కేసును అటూ ఇటూ మార్చే సంగతులు మాత్రం అంతకు ముందు పేజీల్లో ఉంటాయి, ఇంకా వెనక్కి వెళ్తే పంచనామాల్లో ఉంటాయి. క్రిమినల్ కేసులు చూసే వకీలుగా బాధితుల వైపూ, ముద్దాయిల వైపూ నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను: ఇక్కడ రాసింది రెండు వైపుల వాళ్లకీ అవసరమే. తప్పుగా చదివిన రిపోర్టు ఒక అమాయకుణ్ణి లోపలేస్తే, అసలు చేసినవాడు బయటే ఉంటాడు.

ల్యాబ్ నుంచి వచ్చిన ప్రతి మాటకీ ఒకే బరువు ఉండదు. 2009లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఈ విషయం మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఒక ఆనవాలు ఫలానా మనిషిదేనని గట్టిగా చెప్పగలిగే పద్ధతిగా డీఎన్ఏ ఒక్కటే శాస్త్రీయంగా రుజువైందని, మిగతా వాటిలో దేనికీ ఆ స్థాయి రుజువు లేదని తేల్చింది. 2015లో ఎఫ్‌బీఐ తన పాత కేసులను తిరగేస్తే, మైక్రోస్కోపులో వెంట్రుకలు పోల్చి తన నిపుణులు కోర్టుల్లో చెప్పిన సాక్ష్యాల్లో 90 శాతానికి పైగా తప్పుడు మాటలు ఉన్నాయని బయటపడింది. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో అదే సంస్థ ఒక అమెరికన్ లాయరు వేలిముద్ర నూటికి నూరుపాళ్లు సరిపోయిందని చెప్పి అరెస్టు చేసింది. ఆ ముద్ర వేరే మనిషిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక వదిలేసి, క్షమాపణ చెప్పింది. అంత సదుపాయాలున్న చోటే ఇలా జరిగింది కాబట్టి, మన కేసులో వచ్చిన రిపోర్టును ప్రశ్నించడం ల్యాబ్‌ను అవమానించడం అవుతుందేమోనని మొహమాటపడకండి.

ఘటన జరిగిన రోజే

ఈ భాగం బాధిత కుటుంబాలకు. మన ఊళ్లలో మనిషి పోగానే మొదట జరిగేది శుభ్రం చేయడం. రక్తం కడిగేస్తారు, వాంతి తుడిచేస్తారు, తాగిన గ్లాసు బోరింగు దగ్గర తోమేస్తారు, బట్టలు మార్చేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ సాక్ష్యం అక్కడే పోతుంది. అనుమానం ఉంటే గది తలుపు దగ్గరికి వేసి, పోలీసులు వచ్చేదాకా ఒక పెద్దమనిషిని బయట కూర్చోబెట్టండి. 100కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్‌ను కూడా పంపమని అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే బీఎన్ఎస్ఎస్‌లో, 176(3) సెక్షన్ ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, వీడియో తీయాలని చెబుతోంది. దీన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువిచ్చారు. అడిగితే తప్పేం లేదు.

తడి బట్టలను ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి ఇవ్వకండి. తడితో కుళ్లిపోయి రక్తం గ్రూపు కూడా తేలని స్థితికి వస్తాయి. నీడలో ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలి. ఆ పని మీరు చేయకుండా పోలీసులతోనే చేయించడం ఇంకా మంచిది, అప్పుడు అది పంచనామాలోకి ఎక్కుతుంది.

శవ పంచనామా రాసేటప్పుడు "మాకు ఎవరి మీదా అనుమానం లేదు" అన్న వాక్యం కింద హడావుడిగా సంతకం పెట్టకండి. దుఃఖంలో ఉన్నప్పుడే ఆ కాగితం ముందుకొస్తుంది. అనుమానం ఉంటే అదే మాట రాయించండి. పెళ్లయి ఏడేళ్లలోపు ఆడపిల్ల చనిపోతే ఆ పంచనామా తహసీల్దారు చేస్తారు, ఆయన ముందు మీ మాట నమోదు కావాలి. అనుమానం ఉన్నప్పుడు దహనం చేయకుండా పూడ్చిపెట్టడం నయం. అవసరమైతే మెజిస్ట్రేటు ఉత్తర్వుతో మళ్లీ తీసి పరీక్షించే దారి మిగులుతుంది.

కాగితాలు తెచ్చుకోండి, 30 రోజులు లెక్కపెట్టుకోండి

ఛార్జిషీటు వేశాక, ముద్దాయి కోర్టుకు హాజరైన రోజు నుంచి 14 రోజుల్లోపు కాగితాల కాపీలు ఉచితంగా ఇవ్వాలని బీఎన్ఎస్ఎస్ 230 చెబుతోంది. కొత్త చట్టంలో బాధితులకు కూడా, వకీలును పెట్టుకుని ఉంటే, ఆ హక్కు ఉంది. ఇవన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోండి: స్థల పంచనామా, స్వాధీన పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఏమేం తేల్చాలో అడుగుతూ ల్యాబ్‌కు పంపిన లెటర్ ఆఫ్ అడ్వైజ్, ల్యాబ్ రిపోర్టు, దాని ఆధారంగా డాక్టరు ఇచ్చిన ఫైనల్ ఒపీనియన్. ఎక్కువగా దొరకనిది లెటర్ ఆఫ్ అడ్వైజ్. అది లేకపోతే మెమో వేసి అడగమని మీ వకీలుకు చెప్పండి.

ఇక్కడ ఒక గడువుంది, చాలామందికి తెలియదు. బీఎన్ఎస్ఎస్ 330 ప్రకారం అవతలి వైపు పత్రాలను ఒప్పుకుంటారా, కాదంటారా అన్నది అవి అందిన 30 రోజుల్లోపు చెప్పాలి. కారణం చూపితే కోర్టు గడువు పెంచవచ్చు. రిపోర్టు మీద ఏ పక్షమూ వివాదం లేవనెత్తకపోతే ఆ నిపుణుణ్ణి కోర్టుకు పిలవనవసరం లేదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పైగా 329 సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ల్యాబ్ అధికారుల రిపోర్టును ఆ అధికారి రాకుండానే సాక్ష్యంగా చదువుకోవచ్చు. అంటే మీరు నోరు విప్పకపోతే, ఆ కాగితం రాసిన మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే విచారణ అయిపోతుంది. అందుకే రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే వకీలుతో కూర్చోండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు.

తేదీలు వరుసగా రాయండి

నన్నడిగితే ఈ పనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించాలి. ఒక తెల్లకాగితం తీసుకుని, ఎడమవైపు వస్తువులన్నీ రాయండి: కత్తి, చొక్కా, విసెరా (శవం నుంచి తీసిన లోపలి అవయవాల ముక్కలు) సీసాలు, ఫోన్, ఏది ఉంటే అది. ఒక్కోదానికి ఎదురుగా ఐదు విషయాలు రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు స్వాధీనం చేసుకున్నారు. సీలు వేశారా, ఎవరి సీలు. స్టేషన్‌లో ఎన్ని రోజులు ఉంది, ఎవరి అధీనంలో ఉంది. ఏ కానిస్టేబుల్ తీసుకెళ్లాడు. ల్యాబ్‌కి ఏ రోజు చేరింది, చేరినప్పుడు సీలు ఎలా ఉందని ల్యాబ్ రాసింది.

కొన్ని గడులు నిండవు. ఆ ఖాళీ గడులే మీ వకీలుకు కావాల్సిన సరుకు. పంచనామాలో చొక్కా నీలం రంగు అని, ల్యాబ్ రిపోర్టులో ఆకుపచ్చ అని ఉండొచ్చు. పంపింది నాలుగు పొట్లాలైతే అందింది మూడని ఉండొచ్చు. నమూనా సీలుతో పొట్లం మీది సీలు సరిపోయిందన్న వాక్యం అసలు ఉండకపోవచ్చు. ఇవి చిన్న తేడాలుగా కనిపిస్తాయి. పరీక్షించిన వస్తువు, మీ ఇంట్లో దొరికిన వస్తువు ఒకటేనా అన్న ప్రశ్నకు మాత్రం వేరే ఆధారం ఉండదు.

ఢిల్లీ ఛావ్లా కేసులో 2012లో ఒక అమ్మాయిని ఎత్తుకెళ్లి చంపారు. కింది కోర్టు, హైకోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేశాయి. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురినీ వదిలేసింది. సేకరించిన నమూనాలు 11 రోజులు పోలీసు మాల్ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గదిలో, ఉన్నాయని, ఆ సమయంలో ఏమీ జరగలేదని చెప్పే ఆధారం లేదని, డీఎన్ఏ పరీక్ష ఎలా చేశారో నిపుణుడు వివరించలేదని తీర్పులో రాశారు. ఆ తల్లిదండ్రుల కోణం నుంచి చూడండి. పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక బిడ్డకు న్యాయం దక్కలేదు. నమూనాలను మొదటి వారంలోనే సరిగ్గా పంపి, రికార్డు పక్కాగా ఉంచి ఉంటే, నేరం రుజువైనా కాకపోయినా, కోర్టుకు కనీసం ఈ అనుమానం మిగిలేది కాదు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2007 నాటి విజయవాడ హాస్టల్ విద్యార్థిని హత్య. ఆ కేసులో ప్రాసిక్యూషన్ నమ్ముకున్న ఆధారాల్లో డీఎన్ఏ ఒకటి. శిక్ష పడిన యువకుడు ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక, 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది.

2025 జూలైలో సుప్రీంకోర్టు డీఎన్ఏ నమూనాల విషయంలో దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. ఇవి మీ ఆయుధాలు, గుర్తుపెట్టుకోండి. నమూనా తీసినప్పుడే డాక్టరు, దర్యాప్తు అధికారి, సాక్షుల సంతకాలతో కాగితం తయారు కావాలి. 48 గంటల్లో అది ల్యాబ్‌కి చేరాలి, ఆలస్యమైతే కారణం రాయాలి. విచారణ పూర్తయ్యేదాకా కోర్టు అనుమతి లేకుండా ఆ పొట్లం విప్పకూడదు. సేకరించిన క్షణం నుంచి తీర్పు దాకా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో ఒక రిజిస్టరులో రాసి, దాన్ని కోర్టు రికార్డులో జతచేయాలి. మీ కేసు ఆ తర్వాతిదైతే "ఆ రిజిస్టరు ఎక్కడుంది?" అన్నదే మీ మొదటి ప్రశ్న. భూపాలపల్లి నుంచో, ఆసిఫాబాద్ నుంచో నమూనా కదిలితే ఈ 48 గంటలు గట్టి పరీక్షే. వరంగల్‌లో రీజనల్ ల్యాబ్ ఉన్నా కొన్ని పరీక్షలకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ల్యాబ్‌కే పంపుతారు.

ల్యాబ్‌ను ఏం అడిగారో చూడండి

ల్యాబ్ వాళ్లు లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లో అడిగిన ప్రశ్నలకే జవాబిస్తారు. "కత్తి మీద రక్తం ఉందా?" అని అడిగితే "ఉంది" అని రాస్తారు. అది మనిషిదా, ఏ గ్రూపుది, మృతుడిదేనా అని అడగకపోతే ఆ సంగతులు రిపోర్టులో ఉండవు. బాధితుల వైపు ఉన్నవాళ్లు దర్యాప్తు నడుస్తున్నప్పుడే దర్యాప్తు అధికారికి (ఐఓ) రాతపూర్వకంగా ఇవ్వండి: "సార్, ఫలానా వస్తువు మీద ఫలానా పరీక్ష కూడా అడగండి." రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. ఛార్జిషీటు వేశాక కూడా కోర్టు అనుమతితో తదుపరి దర్యాప్తు అడగడానికి బీఎన్ఎస్ఎస్‌లో 193(9) సెక్షన్ ఉంది.

ఏ రిపోర్టును ఎలా చదవాలి

విషం. పత్తి, మిర్చి పండే మన జిల్లాల్లో పురుగుమందు కేసులే ఎక్కువ. పోస్టుమార్టంలో "ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు వచ్చేదాకా అభిప్రాయం వాయిదా" అని రాసి, కడుపు, కాలేయం, కిడ్నీ ముక్కలను చిక్కని ఉప్పు ద్రావణంలో వేసి పంపుతారు. ఆ ద్రావణం నమూనా విడిగా ఒక సీసాలో వెళ్లిందా చూడండి. విషం ద్రావణంలోంచి రాలేదని చెప్పడానికి అదే ఆధారం. "విషం కనబడలేదు" అని వస్తే విషం ఇవ్వలేదని అర్థం కాదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మూడు రోజులు చికిత్స జరిగి, కడుపు కడిగి, ఆ తర్వాత ప్రాణం పోతే శరీరంలో మందు మిగలకపోవచ్చు. అలాంటప్పుడు ఆసుపత్రి కేసుషీటు తెచ్చుకోండి. పురుగుమందుకు విరుగుడుగా వాడే ఆట్రోపిన్, పామ్ ఇంజెక్షన్లు ఎందుకిచ్చారు, కంటిపాప ఎలా ఉందని రాశారు, కడుపు కడిగిన నీళ్లు దాచి పోలీసులకు ఇచ్చారా అని చూడాలి. రిపోర్టులో విషం కనబడినా, దాన్ని తాగారా, ఎవరైనా తాగించారా అన్నది ల్యాబ్ చెప్పలేదు. 2020 మేలో గీసుగొండ మండలం గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలినప్పుడు మొదట ఆత్మహత్యలేమో అనుకున్నారు. భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవాళ్లను బావిలో పడేశారని దర్యాప్తు బయటపెట్టింది. అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు దోషికి ఉరిశిక్ష వేసింది. శవాల నుంచి తీసిన నమూనాలు, నిందితుడి కదలికలు, సాక్షుల మాటలు అన్నీ ఒకదానికొకటి అతికినప్పుడు సైన్స్ ఎంత సాయపడుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

రక్తం. "మానవ రక్తం, ఓ గ్రూపు" అన్నంత మాత్రాన అది మృతుడిదని తేలదు. మన దగ్గర ప్రతి బస్తీలో, ప్రతి వాడలో ఓ గ్రూపు వాళ్లు బోలెడంతమంది. ముద్దాయి గ్రూపు ఏమిటో పరీక్షించారా అని అడగండి. అతనిదీ ఓ అయి, అరెస్టు నాటికి చేతికి గాయం ఉంటే ఆ రిపోర్టు దేనికీ పనికిరాదు.

డీఎన్ఏ. చాలా బలమైన సాక్ష్యమే. అయినా ఇది ఎవరిదో చెబుతుంది గానీ, ఎప్పుడు, ఎలా అంటుకుందో చెప్పదు. రోజూ ఆ ఇంటికి వచ్చిపోయే బంధువు డీఎన్ఏ దొరికితే ఆశ్చర్యమేముంది? పరీక్ష ఏ రకమో తప్పక చూడండి. వై-ఎస్‌టీఆర్ అని ఉంటే అది తండ్రి నుంచి కొడుకుకి వచ్చే క్రోమోజోము మీద చేసినది. తండ్రికి, అన్నదమ్ములకు, బాబాయిలకు, వాళ్ల కొడుకులకు సాధారణంగా అదే ఫలితం వస్తుంది. ఒకే ఇంటి మగవాళ్లలో ఒకణ్ణి అది వేలెత్తి చూపలేదు. "సరిపోయింది" అని మాత్రమే రాసి, అలాంటి ప్రొఫైలు వేరే మనిషికి ఉండే అవకాశం ఎంతో లెక్క ఇవ్వకపోతే ఆ లెక్క అడగండి. పరీక్ష గ్రాఫులు, పట్టికలు కూడా అడగండి.

వయసు. పోక్సో కేసుల్లో (పిల్లల మీద లైంగిక నేరాలు), ప్రేమ పెళ్లిళ్ల గొడవల్లో కేసంతా దీని మీదే నిలబడుతుంది. ఎముకల ఎక్స్‌రేతో చెప్పే వయసుకు అటూఇటూ రెండేళ్ల తేడా ఉండొచ్చని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు స్కూలు ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ పదో తరగతి మెమో గానీ చూడాలి. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువీకరణ. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. స్కూల్లో వేసిన తేదీ అసలుది కాదని మీరంటే, ఆసుపత్రి రికార్డో, అంగన్‌వాడీ రిజిస్టరో పట్టుకురండి.

గంజాయి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి వరంగల్, కాజీపేట మీదుగా సరుకు పోతుంటుంది కాబట్టి ఈ కేసులు మనకు ఎక్కువ. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, బెయిలు దాదాపు మూసుకుపోతుంది. మాదకద్రవ్యాల చట్టంలో (ఎన్‌డీపీఎస్) గంజాయి అంటే పూలు, కాయలు ఉన్న కొసలు, వాటితో కలిసి ఉంటే తప్ప ఆకులు, గింజలు లెక్కలోకి రావు. తూకంలో ఏమేం కలిపారు, తడి సరుకా, బస్తా బరువు తీసేశారా, నమూనా అదే చట్టం 52ఏ సెక్షన్ ప్రకారం మెజిస్ట్రేటు ముందు తీశారా అని చూడండి. ఆ పద్ధతి తప్పితే కేసు దానంతటదే కొట్టుకుపోదు, కానీ అనుమానాన్ని ప్రాసిక్యూషనే తీర్చాలి.

ఫోన్. టవర్ లొకేషన్ అంటే ఫోన్ ఆ టవర్ పరిధిలో ఎక్కడో ఉందని మాత్రమే. ఏటూరునాగారం అడవుల వైపు ఒక్కో టవర్ కొన్ని కిలోమీటర్ల మేర పనిచేస్తుంది. ఘటనాస్థలంలోనే ఉన్నాడని దాన్నిబట్టి చెప్పలేరు. వీడియోలకు, కాల్ డేటాకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి, అందులో హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస, రాసి ఉండాలి. ఫోన్ స్వాధీనం చేసుకున్న రోజు విలువ, ల్యాబ్‌లో రాసిన విలువ ఒకటేనా పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఫైలు మారిందన్నమాటే.

ఏసీబీ ట్రాప్ కేసులో చేతులు కడిగితే నీళ్లు గులాబీ రంగులోకి మారడం, పౌడరు పూసిన నోటు చేతికి తగిలిందని చెబుతుంది. లంచం అడిగారా లేదా అన్నది వేరే సాక్ష్యంతో రుజువు కావాలి. పేపర్లో వచ్చే "జాగిలం నేరుగా ఇంటి ముందు ఆగింది" అన్న వార్త చూసి బెంబేలు పడకండి, దాన్ని కోర్టులు బలమైన సాక్ష్యంగా తీసుకోవు. పాలిగ్రాఫ్, నార్కో పరీక్షలు మీ ఒప్పుకోలు లేకుండా చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పుకోవాలా వద్దా అన్నది వకీలుతో మాట్లాడాకే చెప్పండి.

నిపుణుణ్ణి అడగాల్సినవి

నిపుణుడు బోను ఎక్కినప్పుడు "మీ రిపోర్టు తప్పు కదా?" అని అడిగితే "కాదు" అంటారు, అక్కడితో అయిపోతుంది. నెమ్మదిగా, చిన్న చిన్న ప్రశ్నలు అడగాలి. పరీక్ష మీరే చేశారా, మీ కింద వాళ్లు చేశారా? ఏ పద్ధతి వాడారు, ఆ పద్ధతిలో పొరపాటుకు ఎంత అవకాశం ఉంది? పోల్చడానికి వాడిన నమూనా ఏది? ఫలితం రెండోవాళ్లు సరిచూశారా? పరీక్షకు ముందే ముద్దాయి ఎవరో, కేసేంటో మీకు చెప్పారా? ఈ చివరి ప్రశ్న మన దగ్గర దాదాపు ఎవరూ అడగరు, నాకైతే అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. మాడ్రిడ్ కేసులో ఒకరు సరిపోయిందన్నాక మిగతా నిపుణులూ అదే అన్నారు, ఎందుకంటే వాళ్లకు ముందే జవాబు తెలుసు. పరీక్ష సమయంలో రాసుకున్న నోట్సు తెప్పించమని కోర్టును అడగండి. రిపోర్టు రెండు పేజీలుంటే దాని వెనక నోట్సు ఇరవై పేజీలుండొచ్చు.

బాధితుల కుటుంబానికి సాక్షిని నేరుగా క్రాస్ చేసే, అంటే ఎదురు ప్రశ్నలు వేసే, వీలు లేదు. కానీ కోర్టు అనుమతితో మీ వకీలు పబ్లిక్ ప్రాసిక్యూటరుకు (పీపీ) సహాయంగా ఉండవచ్చు. మీరు రాసుకున్న తేదీల కాగితం పీపీకి సాక్ష్యం మొదలవక ముందే ఇవ్వండి. వందల ఫైళ్ల మధ్య ఉన్న ఆయనకు అది నిజంగా ఉపయోగపడుతుంది.

తీర్పు రోజు

తీర్పు చివరి పేరాలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: అప్పీలు గడువు ముగిశాక వస్తువులను ధ్వంసం చేయాలని. శిక్ష పడినా, విడుదలైనా, ఆ వాక్యం చదివించుకోండి. మీరు అప్పీలుకు వెళ్తున్నట్లయితే అప్పీలు తేలేదాకా బట్టలు, రక్తపు నమూనాలు, ఫోన్లు ఉంచాలని వెంటనే పిటిషన్ వేయించండి. దాని కాపీని కోర్టు ఆస్తుల గది చూసే సిబ్బందికి కూడా ఇచ్చి, రసీదు తీసుకోండి.